రామీ మొక్కను వర్గీకరించడం ఎలా? కుటుంబం నుంచి రకం దాకా అంచెలంచెలుగా

రామీ నారకోసం పెంచే మొక్క. ఫొటో పంపి "ఇది రామీయేనా?" అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. ఆకు అడుగు తెల్లగా ఉండి, ముట్టుకుంటే దురద పెట్టని మొక్కలు రామీ చేరిన అర్టికేసి కుటుంబంలోనే చాలా ఉన్నాయి, ఆ కుటుంబం బయట ఇంకా ఎక్కువ ఉన్నాయి. ఫొటోలో కనిపించే లక్షణాలలో ఏ ఒక్కటీ ఈ మొక్కను తేల్చదు. తేల్చేది ఆడపువ్వు, అది మిల్లీమీటరు పొడవు కూడా ఉండకపోవచ్చు. అందువల్ల కింది పద్ధతి అంతా ఆ పువ్వును సరిగ్గా సంపాదించడం, విప్పి చూడడం, చూసినదాన్ని సరైన వరుసలో వాడుకోవడం చుట్టూనే తిరుగుతుంది.

పని పూర్తయ్యేసరికి మీ పుస్తకంలో ఈ ఆరు గడులు నిండాలి.

- క్రమం: రోజేల్స్
- కుటుంబం: అర్టికేసి
- తెగ: బోహ్మేరియే
- ప్రజాతి (జీనస్): బోహ్మేరియా
- జాతి (స్పీషీస్): బోహ్మేరియా నివియా
- రకం: నివియా లేదా టెనాసిసిమా

గడులను పైనుంచి కిందికి నింపాలి. కింది గడిలో జాతి పేరు ముందే రాసుకుని, దానికి తగిన లక్షణాలను మొక్కలో వెతకడం మొదలుపెడితే, కళ్లు తమకు కావలసినదే చూస్తాయి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పరికరాలు ఎక్కువ అక్కరలేదు, కానీ లెన్స్ విషయంలో రాజీ పడకూడదు. 10 రెట్లు పెద్దది చేసి చూపే చేతి లెన్స్ పొలంలో సరిపోతుంది. ఆడపువ్వును కోసి చూడడానికి 20 నుంచి 40 రెట్లు చూపే డిసెక్టింగ్ మైక్రోస్కోపు ఉండాలి.

- 10 రెట్ల చేతి లెన్స్, సన్నని కొన ఉన్న పట్టకారు, రెండు సూదులు, కొత్త బ్లేడు
- ఒత్తి ఆరబెట్టడానికి ప్రెస్, పాత వార్తాపత్రికలు, అట్టలు
- 70 శాతం ఆల్కహాల్ పోసిన చిన్న సీసాలు, వాటిలో వేయడానికి పెన్సిల్‌తో రాసిన చీటీలు
- మిల్లీమీటర్లు చూపే స్కేలు, నోటు పుస్తకం
- చేతి తొడుగులు
- మొక్క దొరికిన ప్రాంతానికి చెందిన ఫ్లోరా పుస్తకం (అక్కడి మొక్కల వర్ణనలు ఉండేది), అందులోని గుర్తింపు కీ (లక్షణాలను మెట్టు మెట్టుగా పోల్చి పేరు తేల్చే పట్టిక)

చేతి తొడుగులు ఎందుకని అనిపించవచ్చు. రామీ కుట్టదు, నిజమే. అయితే మీరు తెంపుతున్నది రామీయో కాదో ఇంకా తేలలేదు. అదే కుటుంబానికి చెందిన గిరార్డినియా, లాపోర్టియా, డెండ్రోక్నైడ్ ప్రజాతుల మొక్కలు తీవ్రంగా కుడతాయి. డెండ్రోక్నైడ్ కలిగించే నొప్పి రోజుల తరబడి ఉండవచ్చు. పరిచయం లేని మొక్క ఆకు అడుగును వేలితో తడిమి చూసే అలవాటు ఉంటే ఈ కుటుంబం దగ్గర దాన్ని మానుకోవాలి.

2. నమూనా సేకరణ: ఏ భాగం, ఎప్పుడు

రామీలో మగపువ్వులు, ఆడపువ్వులు వేరు వేరుగా ఉంటాయి కానీ రెండూ ఒకే మొక్క మీద పూస్తాయి. సాధారణంగా కాండం మీద కింది కణుపుల దగ్గర మగపువ్వుల గుత్తులు, పై కణుపుల దగ్గర ఆడపువ్వుల గుత్తులు ఉంటాయి. కొన మాత్రమే తుంచి తెచ్చినవారికి మగపువ్వులు దొరకవు, మధ్య ముక్క మాత్రమే తెచ్చినవారికి ఆడపువ్వులు చాలకపోవచ్చు.

కాబట్టి కాండాన్ని కింది పూత నుంచి కొన దాకా ఒకే ముక్కగా కోయాలి. అది నమూనాను అతికించే షీటుకన్నా పొడవుగా ఉంటే ఇంగ్లిషు అక్షరం వీ ఆకారంలో మడవాలి గానీ కత్తిరించకూడదు. మడిస్తే కణుపుల వరుస చెడదు, ఏ గుత్తి ఏ కణుపుది అనేది తర్వాత కూడా చెప్పవచ్చు.

ఉత్తరార్ధగోళంలో పూత ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఉంటుంది. నారకోసం పెంచే చోట పూత రాకముందే కాండాలను కోసేస్తారు, అందువల్ల అక్కడ గట్ల వెంట వదిలేసిన మొక్కలను వెతకడం మేలు.

- ఆకులు, మగ గుత్తులు, ఆడ గుత్తులు ఉన్న పూర్తి కొమ్మ: కనీసం రెండు
- ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి కనిపించేలా షీటులో పరచినవి
- ఇంకా విప్పారని కొనమొగ్గ, దాని పక్కన ఉండే పత్రపుచ్ఛాలు (ఆకు కాడ మొదట ఉండే చిన్న ఆకులాంటి భాగాలు) చెదరకుండా
- కాయ కట్టిన ఆడ గుత్తి ఒకటి, ఆల్కహాల్‌లో
- మొక్క మొత్తం, కాండం మొదలు, ఆకు రెండు వైపులా తీసిన ఫొటోలు

పత్రపుచ్ఛాలను అందరూ మరచిపోతారు. అవి త్వరగా రాలిపోతాయి, ముదిరిన కణుపు దగ్గర మచ్చ మాత్రమే మిగులుతుంది. కొన దగ్గరి రెండు మూడు కణుపుల్లోనే అవి పూర్తిగా కనిపిస్తాయి, కాబట్టి ప్రెస్‌లో పెట్టే ముందే లెన్స్‌తో చూసి బొమ్మ గీసుకోవాలి.

3. పచ్చిగా ఉండగానే రాసుకోవలసినవి

ఎండిన తర్వాత తిరిగి తెలుసుకోలేని విషయాలు కొన్ని ఉంటాయి. మొదటిది రసం. పత్రవృంతాన్ని, అంటే ఆకు కాడను, విరిచి చూస్తే తెల్లని పాలు కారుతున్నాయా, నీరులాంటి రసం మాత్రమే వస్తోందా అన్నది అక్కడే రాసుకోవాలి. రామీలో పాలు రావు.

రెండవది మగపువ్వు ప్రవర్తన. పండిన మగమొగ్గను లెన్స్ కింద పెట్టి సూది కొనతో పక్కనుంచి మెల్లగా తాకితే, లోపలికి వంగి బిగుసుకుని ఉన్న కేసరాలు ఒక్కసారిగా బయటికి విదిలించుకుంటాయి, పుప్పొడి పొగలా లేస్తుంది. తాకేటప్పుడు ఊపిరి బిగపట్టకపోతే ఆ పొగ కనిపించదు. అర్టికేసిలో చాలా ప్రజాతులకు ఈ గుణం ఉంది, ఎండిన నమూనాలో మాత్రం వంగిన కేసరాల ఆకారమే మిగులుతుంది.

వీటితో పాటు మొక్క ఎత్తు, కాండం మొదట కొయ్యబారిందా లేదా, ఆకు అడుగు రంగు, గుత్తుల రంగు, మొక్క పెరిగిన చోటు నీడదా ఎండదా అన్నవి కూడా రాసుకోవాలి. నీడ సంగతి తర్వాత రకం తేల్చేటప్పుడు అక్కరకు వస్తుంది.

4. కుటుంబం తేల్చడం

రామీని మొదట చూసినవారు దాన్ని మూడు కుటుంబాలతో పొరబడే అవకాశం ఉంది. ఒక్కొక్కదాన్ని ఇలా తొలగించాలి.

మోరేసి, అంటే మల్బరీ, మర్రి ఉన్న కుటుంబం. ఇందులో పేపర్ మల్బరీ ఆకులు ఏకాంతరంగా (కణుపుకు ఒక్కటి చొప్పున), రంపపు అంచుతో, అడుగున మెత్తని నూగుతో ఉండి రామీని గుర్తు చేస్తాయి. కానీ దాని పత్రవృంతం విరిస్తే పాలు వస్తాయి. పాలు లేని ఎండు నమూనా మాత్రమే చేతిలో ఉంటే అండాశయాన్ని నిలువుగా కోయాలి. మోరేసిలో అండం అండాశయం పైకొన నుంచి వేలాడుతుంది, అర్టికేసిలో అడుగు నుంచి నిటారుగా నిలబడి ఉంటుంది. ఈ రెండు కుటుంబాలనూ విడదీయడంలో దీనికన్నా నమ్మదగిన లక్షణం మరొకటి లేదు.

యుఫోర్బియేసి, అంటే ఆముదం ఉన్న కుటుంబం. మాల్లోటస్ ప్రజాతిలో కొన్నిటి ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. ట్రేజియా ప్రజాతి మొక్కలు కుడతాయి కాబట్టి వాటిని అర్టికేసిలో వేసేవారూ ఉన్నారు. ఈ రెండింటిలోనూ అండాశయం సాధారణంగా మూడు గదులతో, మూడు కీలాలతో (అండాశయం మీది సన్నని కాడలతో) ఉంటుంది, కాయ మూడు భాగాలుగా పగులుతుంది. అర్టికేసిలో అండాశయం ఒకే గది, ఒకే అండం, ఒకే కీలం.

లేమియేసి, అంటే తులసి ఉన్న కుటుంబం. ఇందులో కుట్టని దురదమొక్కలుగా పేరుపడ్డవి కొన్ని ఉన్నాయి. వాటి కాండం నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, పువ్వు రెండు పెదవులతో ద్విలింగంగా ఉంటుంది. వీటిని తొలగించడానికి అర నిమిషం చాలు.

కుటుంబం తేలిందని అనుకునే ముందు ఈ జాబితా చూడాలి.

- పాలు లేవు
- పువ్వులు అతి చిన్నవి, ఏకలింగమైనవి, పచ్చని పరిపత్రం (పువ్వు చుట్టూ ఉండే తొడుగు) మాత్రమే ఉన్నవి
- మగపువ్వులో కేసరాలు పరిపత్ర భాగాలకు సమాన సంఖ్యలో, వాటికి ఎదురుగా, మొగ్గలో లోపలికి వంగి ఉన్నాయి
- అండాశయం ఒకే గది, అడుగు నుంచి లేచిన ఒకే అండం
- కాయ పగలని, ఒకే విత్తనం ఉన్న ఎకీన్
- ఆకులో సున్నపు రాయివంటి సిస్టోలిత్‌లు ఉన్నాయి

సిస్టోలిత్‌లు బోహ్మేరియాలో చుక్కల్లా కనిపిస్తాయి. పైలియా, ఎలాటోస్టెమా ప్రజాతులలో చాలావరకు గీతల్లా ఉంటాయి. ఎండిన ఆకు పైభాగాన్ని ఏటవాలు వెలుతురులో చూస్తే ఇవి తేలికగా తెలుస్తాయి.

పాత పుస్తకాలు వాడేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక. బెంథామ్–హుకర్ అనే పాత వర్గీకరణ పద్ధతిలో అర్టికేసి చాలా విశాలమైనది, మర్రి, మల్బరీ, గంజాయి కూడా అందులోనే ఉంటాయి. భారతదేశపు పాత ఫ్లోరాలు, అనేక హెర్బేరియంలు (ఎండు నమూనాల భాండాగారాలు) ఆ పద్ధతినే అనుసరించాయి కాబట్టి వాటిలోని కీని వాడితే పైన చెప్పిన మోరేసిని తొలగించే మెట్టు కుటుంబం లోపలే వస్తుంది. ఆ తర్వాతి పుస్తకాలలో అర్టికేల్స్ అనే ప్రత్యేక క్రమం కనిపిస్తుంది. 1998లో మొదలై 2016లో నాలుగో రూపం వచ్చిన ఏపీజీ (డీఎన్ఏ ఆధారంగా పూలమొక్కలను వర్గీకరించే) పద్ధతి ఆ క్రమాన్ని రోజేల్స్‌లో కలిపింది, మోరేసిని వేరు కుటుంబంగానే ఉంచింది, గతంలో వేరుగా ఉన్న సెక్రోపియేసిని అర్టికేసిలో చేర్చింది. మీ లేబుల్ మీద ఏ పద్ధతి వాడారో ఒక్క మాట రాస్తే చదివేవారికి అయోమయం ఉండదు.

5. తెగ తేల్చడం

కుటుంబంలో ఆరు తెగలను సాధారణంగా గుర్తిస్తారు. రామీ విషయంలో అయిదింటిని త్వరగా దాటవచ్చు.

- కుట్టే కేశాలు ఉంటే అర్టికే తెగ. ఈ కేశానికి అడుగున ఉబ్బెత్తు దిమ్మె, పైన విరిగిపోయే గాజులాంటి కొన ఉంటాయి. మామూలు బిరుసు వెంట్రుకకు ఆ దిమ్మె ఉండదు.
- నీటి పొరలాంటి లేత కాండం, ఆడపువ్వులో విడివిడి పరిపత్ర భాగాలు, కుంచెలాంటి కీలాగ్రం (కీలానికి పుప్పొడి అంటుకునే కొన) ఉంటే ఎలాటోస్టెమాటే తెగ.
- పత్రపుచ్ఛాలు లేకుండా, ఆకు అంచు నున్నగా ఉంటే పారియెటారియే తెగ.
- మగపువ్వులో ఒకే కేసరం ఉంటే ఫోర్స్‌కావోలియే తెగ.
- కొయ్యబారిన చెట్టు లేక తీగ అయి, కేసరాలు మొగ్గలో వంగకుండా నిటారుగా ఉంటే సెక్రోపియే తెగ.
- కుట్టే కేశాలు లేకుండా, పత్రపుచ్ఛాలు ఉండి, ఆడపువ్వు పరిపత్రం గొట్టంలా అండాశయాన్ని మూసి ఉంచితే, లేదా బాగా కుంచించుకుపోయి ఉంటే బోహ్మేరియే తెగ.

కుట్టడం లేదన్న ఒక్క కారణంతో కుటుంబం నుంచే తొలగించడం పొరపాటని ఇక్కడ స్పష్టమవుతుంది. కుట్టడం అనేది ఒక్క తెగ లక్షణమే.

6. ఆడపువ్వును విప్పి చూడడం

అసలు పని ఇదే, ఇక్కడ తొందర పనికిరాదు.

ఎండిన నమూనా అయితే ఆడ గుత్తి నుంచి ఒక చిన్న ఉండను తీసుకుని, వేడినీళ్లలో ఒక చుక్క సబ్బు నీరు కలిపి 10 నుంచి 15 నిమిషాలు నానబెట్టాలి. నానిన ఉండ మెత్తబడి, తెల్లని దారాల్లాంటి కీలాలు బయటికి లేస్తాయి. ఆ దారాలు ఎన్ని ఉన్నాయో అన్ని ఆడపువ్వులు ఆ ఉండలో ఉన్నట్టు.

ఒక సూదితో ఉండను కదలకుండా పట్టి, రెండో సూదితో అంచునున్న పువ్వు ఒక్కదాన్ని అడుగు నుంచి వేరు చేయాలి. మధ్యలోని పువ్వులు ఒత్తిడికి ఆకారం చెడి ఉంటాయి కాబట్టి అంచువే మంచివి. వేరు చేసిన పువ్వును నీటి చుక్కలో పెట్టి పక్కనుంచి వెలుతురు పడనివ్వాలి.

ఈ క్రమంలో చూడాలి.

- పరిపత్రం: గొట్టంలా మూసి ఉందా? కొనన 2 నుంచి 4 చిన్న దంతాలు ఉన్నాయా? బయట వెంట్రుకలు ఉన్నాయా?
- కీలాగ్రం: దారంలా పొడవుగా, ఒక పక్కన నూగుతో ఉందా? లేక కుంచెలా, పళ్లెంలా ఉందా?
- కాయ కట్టిన తర్వాత ఆ దారం నిలిచి ఉందా, రాలిపోయిందా?
- కాయ: పరిపత్ర గొట్టం లోపలే ఉందా? గొట్టం పొడిగా ఉందా, కండపట్టిందా?
- కాయ పెంకు: మెరుస్తోందా, మెరుపు లేదా?

చివరగా బ్లేడుతో కాయను నిలువుగా రెండు చేసి, విత్తనం అడుగుకు అంటుకుని నిటారుగా ఉందని నిర్ధారించుకోవాలి. బ్లేడు పాతదైతే పెంకు పగిలి అంతా ముద్దవుతుంది, ప్రతి నమూనాకు కొత్త అంచు వాడాలి.

రామీలో మీకు కనిపించవలసినది ఇది: వెంట్రుకలున్న సన్నని గొట్టం, కొనన రెండు మూడు దంతాలు, దాని నోటి నుంచి బయటికి పొడుచుకొచ్చిన దారంలాంటి కీలాగ్రం, కాయ ముదిరినా రాలని ఆ దారం, లోపల మిల్లీమీటరుకన్నా చిన్నదైన, మెరుపులేని గుండ్రని ఎకీన్.

తర్వాత మగపువ్వు. దానికి నాలుగు పరిపత్ర భాగాలు, నాలుగు కేసరాలు, మధ్యలో పనిచేయని అండాశయం మొలక ఉంటాయి. అయిదేసి భాగాలు లెక్కకు వస్తే, ముందు మరో రెండు పువ్వులు చూసి, అవీ అలాగే ఉంటే ప్రజాతి వేరని అనుమానించాలి.

7. ప్రజాతి తేల్చడం: దగ్గరి పోలికలు

పై పరిశీలనలు చేతిలో ఉంటే ఈ మెట్టు చాలా తేలిక. అవి లేకుండా ఆకు మాత్రమే పట్టుకుని వచ్చినవారికి మాత్రం ఇది దాటరాని మెట్టు.

డెబ్రెజియాసియా: ఆకు అడుగు తెల్లగా లేక బూడిదరంగుగా ఉంటుంది, ఆకులు ఏకాంతరం. అయితే ఆకు సాధారణంగా సన్నగా పొడవుగా ఉంటుంది. కాయల గుత్తి పండితే నారింజ రంగులో కండపట్టి ఉంటుంది. కీలాగ్రం దారంలా కాక కుచ్చులా ఉంటుంది. పత్రపుచ్ఛాలు రెండూ కలిసిపోయి పత్రవృంతం లోపలివైపున, కొనన రెండుగా చీలి ఉంటాయి.

మౌతియా: ఇదే ఎక్కువమందిని మోసం చేస్తుంది. హిమాలయ ప్రాంతపు మౌతియా పుయా కూడా నారమొక్కే, దాని ఆకు కూడా ఏకాంతరం, మూడు ఈనెలు, రంపపు అంచు, అడుగున తెలుపు. తేడా అంతా పువ్వులో ఉంది: ఆడపువ్వు పరిపత్రం గొట్టంలా ఉండదు, చిన్న వంకర దొన్నెలా ఉంటుంది లేదా అసలు ఉండదు, కీలాగ్రం కుంచెలా ఉంటుంది. మగపువ్వులో అయిదు భాగాలు.

ఓరియోక్నైడ్: పొద లేక చిన్న చెట్టు. కీలాగ్రం అంచున కేశాలున్న పళ్లెంలా ఉంటుంది, కాయ అడుగున కండగల దొన్నె ఏర్పడుతుంది.

పౌజోల్జియా: అన్నిటికన్నా దగ్గరిది. ఆడపువ్వు పరిపత్రం ఇందులో కూడా గొట్టమే, కీలాగ్రం కూడా దారమే. కానీ కాయ కట్టేసరికి ఆ దారం రాలిపోతుంది, కాయ పెంకు నున్నగా మెరుస్తుంది. చాలా జాతులలో ఆకు అంచుకు దంతాలు ఉండవు, అయితే పౌజోల్జియా సాంగ్వినియా వంటి వాటిలో ఉంటాయి కాబట్టి ఆకు అంచు మీద ఆధారపడకూడదు. లేత పువ్వు మాత్రమే ఉన్న నమూనాతో బోహ్మేరియానూ పౌజోల్జియానూ విడదీయడం కష్టం. కాయ కట్టిన గుత్తిని ఆల్కహాల్‌లో వేసుకోమని ముందే చెప్పింది ఇందుకే.

ఈ హద్దు ఎంత సన్ననిదంటే, చాలాకాలం బోహ్మేరియా రుగులోసాగా పిలిచిన హిమాలయపు చెట్టును తర్వాత పౌజోల్జియాకు మార్చారు. పాత షీటు మీది పేరు, కొత్త జాబితాలోని పేరు వేరుగా కనిపిస్తే రెండూ ఒకే మొక్క కావచ్చని గుర్తుంచుకోవాలి.

8. జాతి తేల్చడం

ఆసియాలోని బోహ్మేరియా జాతులలో చాలావాటికి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, పుష్పవిన్యాసం కొమ్మలు లేని కంకిలా ఉంటుంది. రామీలో ఆకులన్నీ ఏకాంతరం, పుష్పవిన్యాసం కొమ్మలు వేసిన గుత్తి. ఈ రెండూ కలిసి ఉంటే జాతుల సంఖ్య ఒక్కసారిగా తగ్గిపోతుంది.

- ఆకులు కాండం పొడవునా ఏకాంతరం
- పత్రవృంతం పొడవైనది, పత్రదళం గుండ్రటి లేక వెడల్పాటి అండాకారం, సుమారు 5 నుంచి 15 సెం.మీ. పొడవు, కొన తోకలా సాగినది
- అంచున పెద్ద దంతాలు, పీఠం నుంచి మూడు ప్రధాన ఈనెలు
- అడుగున మంచులా తెల్లని నూగు, దాని మీద ఈనెలు స్పష్టంగా
- గుత్తులు ఆకుల గ్రీవాల (ఆకు కాడకూ కాండానికీ మధ్య మూలల) నుంచి, కొమ్మలు వేసినవి

బోహ్మేరియా గ్లోమెరులిఫెరాకు కూడా ఆకులు ఏకాంతరమే, కానీ దాని పువ్వుల ఉండలు గ్రీవంలోనే నేరుగా కూర్చుని ఉంటాయి, కొమ్మలు వేసిన కాడ ఉండదు. బోహ్మేరియా క్లిడెమియాయిడిస్‌లో ఆకులు కొన్నిచోట్ల ఏకాంతరంగా, కొన్నిచోట్ల ఎదురెదురుగా ఉంటాయి, పూలకంకి కొనన చిన్న ఆకులు మొలుస్తాయి. ఒక్క కణుపు చూసి ఏకాంతరం అని రాయకూడదని చెప్పడానికి ఇదే మంచి ఉదాహరణ.

9. రకం తేల్చడం

సాగులోనూ అడవిలోనూ కనిపించే రామీని సాధారణంగా రెండు రకాలుగా చూస్తారు. కొన్ని ప్రాంతీయ ఫ్లోరాలు ఇంకా ఎక్కువ రకాలను గుర్తించాయి.

రకం నివియా: ఆకు అడుగు దట్టంగా తెల్లన, ఆకు దాదాపు గుండ్రం. పై కాండం మీద రెండు రకాల వెంట్రుకలు కలిసి ఉంటాయి, కొన్ని పొడవుగా బయటికి నిక్కి, మరికొన్ని పొట్టిగా కాండానికి అంటుకుని. పత్రపుచ్ఛాలు విడివిడిగా ఉంటాయి.

రకం టెనాసిసిమా: ఆకు అడుగు పచ్చగా, లేదా పల్చని బూడిదరంగు నూగుతో ఉంటుంది. ఆకు కొంత చిన్నది, సన్నది. కాండం మీద ఎక్కువగా అంటుకుని ఉండే వెంట్రుకలే. పత్రపుచ్ఛాలు అడుగున కలిసి ఉంటాయి.

ఇక్కడ ఆకు రంగును చివర చూడడం మంచిదని నా అభిప్రాయం. నూగు ఆకు వయసును బట్టి, వెలుతురును బట్టి మారవచ్చు, ప్రెస్‌లో రుద్దుకుని కొంత రాలవచ్చు కూడా. కాండం మీది వెంట్రుకలు, పత్రపుచ్ఛాలు ముందు చూసి, అవి రెండూ ఒకే మాట చెబితే రంగుతో సరిపోల్చాలి. అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే రకం గడిని ఖాళీగా వదిలి జాతి దగ్గరే ఆగడం శాస్త్రీయమైన పని. ఖాళీ గడిని చూసి ఎవరూ తప్పుపట్టరు.

10. పేరును సరిచూడడం

మొక్క తేలిన తర్వాత పేరు రాయడం వేరే పని. దానికీ ఒక వరుస ఉంది.

మొదట మూలనామం. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు అర్టికా నివియా అని పేరు పెట్టాడు. బోహ్మేరియా ప్రజాతిని జాక్విన్ 1760లో ఏర్పరిచాడు. గాడిషో 1830లో లిన్నేయస్ పెట్టిన జాతి పదాన్ని అలాగే ఉంచి మొక్కను ఆ ప్రజాతికి మార్చాడు. అందుకే పేరు వెనుక లిన్నేయస్ సంక్షిప్తం కుండలీకరణాల లోపల, గాడిషో సంక్షిప్తం బయట వస్తాయి. కుండలీకరణాలు వదిలేస్తే గాడిషోయే కొత్తగా పేరు పెట్టినట్టు అవుతుంది.

తర్వాత రకం పేరు. జాతిలో మరో రకాన్ని వేరు చేసిన క్షణంలోనే, జాతి పేరునే తిరిగి చెప్పే రకం తనంతట తాను ఏర్పడుతుంది. దాన్ని ఎవరూ ప్రచురించరు, కాబట్టి రకం నివియా అన్నదాని వెనుక కర్త పేరు రాయకూడదు. రకం టెనాసిసిమా వెనుక మాత్రం గాడిషో కుండలీకరణాల లోపల, మికెల్ బయట వస్తారు.

పర్యాయనామాలను చూడడానికి ఐపీఎన్ఐ (అంతర్జాతీయ మొక్కల పేర్ల సూచిక), ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ అనే రెండు డేటాబేస్‌లు చాలు. మొదటిది పేరు ఎక్కడ, ఎప్పుడు ప్రచురితమైందో చెబుతుంది, అది సరైన పేరా కాదా అన్నది చెప్పదు. ఆ మాట రెండోది చెబుతుంది. చాలామంది మొదటిదానిలో పేరు కనిపించగానే అది అంగీకృతమైనదని అనుకుంటారు.

పాత ప్రపంచపు (అమెరికా ఖండాలను మినహాయించి ఆసియా, ఆఫ్రికా తదితర ప్రాంతాల) బోహ్మేరియా జాతులన్నిటినీ తిరిగి పరిశీలించి విల్మాట్-డియర్, ఫ్రీస్ రాసిన సమగ్ర సమీక్ష 2013లో బ్లూమియా పత్రికలో వచ్చింది. జాతి స్థాయిలో సందేహం మిగిలితే ప్రాంతీయ ఫ్లోరాకన్నా దాన్ని ముందు చూడాలి. డీఎన్ఏ ఆధారంగా అదే సంవత్సరం వచ్చిన కుటుంబ స్థాయి అధ్యయనం బోహ్మేరియా ఇప్పటి హద్దులలో ఒకే వంశశాఖ కాదని చూపింది. ప్రజాతి హద్దులు మారే అవకాశం ఉన్నందువల్ల పేరు సరిచూసిన తేదీని పేరు పక్కనే రాసి పెట్టాలి.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

- పొరపాటు: మగ గుత్తిని కోసి "అండాశయం లేదు, పరిపత్రం నాలుగు భాగాలు" అని ఆడపువ్వు వివరాలుగా రాయడం. సవరణ: దారంలాంటి కీలాలు బయటికి కనిపించే ఉండనే ఆడదిగా తీసుకోవాలి. మగ మొగ్గలు బొత్తాముల్లా గుండ్రంగా ఉంటాయి.

- పొరపాటు: ఆకు మీది బిరుసు వెంట్రుకలను కుట్టే కేశాలుగా లెక్కించి అర్టికే తెగలో వేయడం. సవరణ: లెన్స్ కింద అడుగు దిమ్మె ఉందో లేదో చూడాలి. చర్మం మీద రాసి పరీక్షించవద్దు.

- పొరపాటు: ఫొటో గుర్తింపు యాప్ చెప్పిన పేరుతో మొదలుపెట్టడం. సవరణ: యాప్ పేరును పుస్తకం చివరి పేజీలో రాసి మూసేయాలి, కీ ద్వారా వచ్చిన పేరుతో ఆఖరున పోల్చాలి.

- పొరపాటు: దట్టమైన కొమ్మను మందంగా పరచి, తడి కాగితాలు మార్చకపోవడం. ఆకు నల్లబడి అడుగు తెలుపు మాసిపోతుంది. సవరణ: మొదటి మూడు రోజులు రోజుకొకసారి కాగితాలు మార్చాలి, పక్కనే పచ్చిగా తీసిన ఫొటోను షీటుతో జతపరచాలి.

- పొరపాటు: కీలో ఒక మెట్టు దగ్గర లక్షణం కనిపించక, ఊహించి ముందుకు పోవడం. సవరణ: ఆ మెట్టు దగ్గర రెండు దారులూ విడివిడిగా నడిచి, రెండు చివరలా వచ్చిన వర్ణనలను నమూనాతో పోల్చాలి. సాధారణంగా ఒకటి రెండు వాక్యాల్లోనే తేలిపోతుంది.

- పొరపాటు: డీఎన్ఏ బార్‌కోడ్ ఫలితం వచ్చింది కాబట్టి నమూనా అక్కరలేదని పారేయడం. సవరణ: ఆ డీఎన్ఏ వరుసను డేటాబేస్‌లో పోల్చినది కూడా ఎవరో పేరుపెట్టిన నమూనాతోనే. అక్కడి పేరు తప్పైతే మీ పేరూ తప్పే, షీటు లేకపోతే దాన్ని సరిచేసే దారి ఉండదు.

12. షీటు, లేబుల్

సుమారు 29 × 42 సెం.మీ. ఉండే గట్టి షీటు మీద నమూనాను అతికించాలి. ఆడ గుత్తుల మీద జిగురు పడకూడదు, తర్వాత చూసేవారు వాటిని నానబెట్టవలసి ఉంటుంది. రాలిన ఉండలు, కాయలు చిన్న కాగితపు కవరులో వేసి షీటుకే అంటించాలి. విప్పి చూసిన పువ్వును పారేయకుండా అదే కవరులో ఉంచాలి.

లేబుల్ కుడివైపు కింది మూలన ఉంటుంది. అందులో ఇవి ఉండాలి.

- కుటుంబం, శాస్త్రీయ నామం, కర్తల సంక్షిప్తాలు
- దొరికిన చోటు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు
- సేకరించిన తేదీ, సేకర్త పేరు, సేకరణ సంఖ్య
- సాగు మొక్కా, అడవిదా, సాగు నుంచి తప్పించుకుని పెరిగినదా
- పచ్చిగా చూసిన రంగులు, రసం, మొక్క ఎత్తు, నీడ
- పేరు నిర్ధారించినవారు, తేదీ, వాడిన ఫ్లోరా లేక సమీక్ష

సాగుదా కాదా అన్న గడి రామీకి తప్పనిసరి. శతాబ్దాలుగా నారకోసం ఒకచోటి నుంచి మరోచోటికి మోసిన మొక్క కావడంతో, ఆ వివరం లేని షీటు దాని సహజ విస్తరణ గురించి ఏమీ చెప్పలేదు.

తర్వాత ఎవరైనా పేరు మార్చదలిస్తే పాత లేబుల్‌ను చింపకుండా, కప్పకుండా, దానికి పైవైపున తమ పేరు, తేదీలతో మరో చిన్న చీటీ అంటించాలి. అందుకు చోటు మిగిల్చి నమూనాను షీటు మీద కొంచెం ఎడమవైపుకు జరిపి అతికించండి.